నలువురి వాద్యము - నలుబదియేండ్ల పొత్తు

మన కచేరీలలో గాయకుడు ముందు నడువగా ఫిడేలు ఆతని వెన్నంటి వచ్చును. మృదంగము లయను కాచుచుండును. ఎవరి పాట వినవచ్చితిమో మనకు సందేహముండదు. పాశ్చాత్యులలో ఇట్టి ప్రధానుడు లేని కచేరి యొకటి కలదు. రెండు ఫిడేళ్లు, ఒక వయోలా, ఒక చెల్లో అను వాద్యములతో నలువురు దగ్గరదగ్గరగా గూర్చుండి వాయింతురు. దీనిని క్వార్టెట్టందురు. గొప్ప సభలకు గాక ఇండ్లలోని గదులకై పుట్టిన సంగీతమిది. సోదరీమణులారా! అట్టి నలువురు, ఒక్కరైనను మారక, ఇంచుమించు నలుబదియేండ్లు కలిసి వాయించిరన్న నమ్మగలరా? వారిదే అమడేయస్ క్వార్టెట్టు.

వారిలో మువ్వురు వియన్నా ప్రాంతమున పెరిగిన యూదుల బిడ్డలు. 1938వ సంవత్సరమున జర్మనీ ఆస్ట్రియాను కబళింపగా నార్బర్టు బ్రైనిన్, పీటరు షిడ్లోఫ్, సీగ్మండు నిసెల్ అను నీ బాలురు పదునైదు పదునారేండ్ల ప్రాయమున వేరువేరుగ ఇంగ్లండు చేరిరి. శరణిచ్చిన యా దేశమే 1940లో వారిని శత్రుదేశీయులని నిర్బంధ శిబిరములలో నుంచెను. హిట్లరు తరిమిన పిల్లలను హిట్లరు పక్షమువారేమో యని శంకించుట యెంత విపరీతము! అయినను ఆ ముళ్లకంచెల లోపలనే బ్రైనినునకు షిడ్లోఫ్ పరిచయమయ్యెను. పిదప ఐల్ ఆఫ్ మాన్ అను దీవిలోని శిబిరమున షిడ్లోఫునకు నిసెల్ తోడు దొరకెను. విడుదలయైన పిమ్మట మాక్సు రోస్టాల్ అను గురువు, తానును పరదేశమునుండి వచ్చినవాడే, దమ్మిడీ పుచ్చుకొనక వారికి విద్య గరపెను.

చిక్కెక్కడనగా, మువ్వురును ఫిడేలు విద్వాంసులే. క్వార్టెట్టున ఫిడేళ్లు రెండే. మూడవవాడు వయోలా పట్టవలెను. వయోలా ఫిడేలుకన్న కొంచెము పెద్దది, దాని నాదము కొంత మంద్రము. మన బాలమురళీకృష్ణగారును దీనిని వాయించిరి. క్వార్టెట్టు వినువారి చెవి మొదట మొదటి ఫిడేలు రాగమునకు పోవును, తరువాత చెల్లో గాంభీర్యమునకు పోవును. నడుమనున్న వయోలాను వేరుగ గుర్తించువారరుదు. షిడ్లోఫ్ ఫిడేలు విడిచి దానిని చేపట్టెను. ఇది చదివినప్పుడు నాకు మా అత్తగారు తలపునకు వచ్చిరి. ఆమె ఇంటనున్నంతకాలము ఆమె చేయు పని యెవరి కంటను బడలేదు. పదిదినములు పుట్టినింటికేగినప్పుడు అందరికిని కనబడినది. షిడ్లోఫ్ వాయించిన వయోలా 1719లో స్ట్రాడివేరి చేసినది. ఆ శిల్పి చేసిన వయోలాలు లోకమున బహు కొద్దిగా మిగిలియున్నవి.

నాలుగవవాడు మార్టిన్ లవెట్, లండనులో పుట్టినవాడు. ఆతనిని వీరియొద్దకు గొనివచ్చినది సుజాన్ రోజా యను ఫిడేలు విద్వాంసురాలు. పిదప ఆమెయే ఆతని యిల్లాలయ్యెను. ఇమొజెన్ హోల్‌స్ట్ అను సంగీతవిదుషి 1947లో వీరి వాద్యము విని, లండనులోని విగ్‌మోర్ హాలున కచేరికి నూరు పౌనులు తానిచ్చెదనని ముందుకు వచ్చెను. 1948 జనవరి 10వ తేదీన ఆ కచేరి జరిగెను. మొజార్టు నామమునుండి అమడేయస్ అను పేరును అప్పుడే తాల్చిరి.

ఇక వారి పొత్తు సంగతి. నలువురు గావున అభిప్రాయము చెరిసగమైనచో తీర్పు చెప్పుటకు ఐదవవాడు లేడు. సాధకమున గట్టిగనే వాదులాడుకొనెడివారట. ఒక్కొక్క స్వరమునకు కమాను ఎటు లాగవలెనన్నదియు వాదమునకు దిగదగిన విషయమే. పద్దులు, ప్రయాణములు, టిక్కెట్లు రెండవ ఫిడేలు నిసెల్ చూచుకొనెడివాడు. మొదటి ఫిడేలునకు చప్పట్లు, రెండవదానికి చిట్టాలెక్కలు! లోకరీతి అన్నిచోట్ల నొక్కటియే కాబోలు. వీరు దేశదేశములు తిరుగుచుండగా బిడ్డలను పెంచి ఇండ్లను నిలిపిన యిల్లాండ్రను గూర్చి వ్రాసినవారు తక్కువ. సుజాన్ విద్య యెట్టిదో తెలిసియు ఆమె పేరును మగని పేరు వెనుకనే చెప్పవలసివచ్చుట నాకు రుచింపలేదు. ఇచ్చట నేనును అట్లే చెప్పితిని గదా!

బ్రిటను దేశపు వాగ్గేయకారుడు బెంజమిన్ బ్రిటెన్ తన మూడవ క్వార్టెట్టును వీరికై సిద్ధపరచెను. 1976 సెప్టెంబరులో రోగపీడితుడైన యాయన యింటికేగి దానిని ఆయనయెదుట వాయించి సూచనలు పొందిరి. డిసెంబరు 4వ తేదీన ఆయన మృతినొందెను. 19వ తేదీన స్నేప్ గ్రామమున దానిని తొలిసారి సభలో వాయించినది వీరే. ఆ సంగీతకర్త దానిని సభలో వినలేదు.

1987 ఆగస్టులో షిడ్లోఫ్ కాలధర్మము నొందెను. ఐరోపాలో వయోలా విద్వాంసులకు కొదువ లేదు. మరియొకనిని చేర్చుకొని యుండవచ్చును. పెక్కు క్వార్టెట్లు అట్లే సాగుచున్నవి. మిగిలిన మువ్వురు అందుకు సమ్మతింపలేదు. అమడేయస్ క్వార్టెట్టు ఆ నెలతో ముగిసెను. వారు శిష్యులకు పాఠములు చెప్పుకొనుచు శేషజీవితము గడపిరి. బ్రైనిన్ 2005లోను, నిసెల్ 2008లోను, అందరికన్న చిన్నవాడగు లవెట్ 2020లోను దివంగతులైరి.