ఎర్రటోపీ పిల్ల తెలివి ఏమైంది?

ఎర్రటోపీ పెట్టుకున్న చిన్నపిల్ల, జబ్బుపడిన అమ్మమ్మ, అడవిలో తోడేలు. 'లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్' కథ మన పిల్లలకి కొత్తేమీ కాదు. ఇంగ్లీషు మీడియం పిల్లలయితే గడగడా ఒప్పజెప్పేస్తారు. అమ్మమ్మ వేషంలో ఉన్న తోడేలుని నీ చెవులేమిటి, కళ్లేమిటి అని పిల్ల ఆరాలు తీయడం, అది గుటుక్కున మింగేయడం, వేటగాడు వచ్చి దాని పొట్ట కోసి ఇద్దరినీ బయటికి తీయడం... కథ కంచికి, మనం ఇంటికి.

కానీ ఈ కథకి ముగింపు ఒక్కటి కాదు. చెప్పే మనిషిని బట్టి, చెప్పిన కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఆ మార్పుల వెంట వెళ్తే ఆడపిల్ల గురించి ఎవరేమనుకున్నారో తెలిసిపోతుంది.

మనకి తెలిసిన ఈ కథని మొదట అచ్చు వేయించింది ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో, 1697లో. అందులో వేటగాడే లేడు! తోడేలు అమ్మమ్మని తింది, పిల్లనీ తింది. అంతటితో సరి. చివర ఒక నీతి పద్యం. అందమైన ఆడపిల్లలు కనిపించిన ప్రతివాడి మాటా వినకూడదనీ, తియ్యగా మాట్లాడుతూ ఇంటిదాకా వెంటవచ్చే తోడేళ్లే మరీ ప్రమాదమనీ అందులోని సారాంశం. హెచ్చరిక మంచిదే. కానీ ప్రాణం పోయిందీ పిల్లకే, బుద్ధి చెప్పిందీ పిల్లకే. తోడేలు జోలికి ఎవరూ పోలేదు, గమనించారా?

పిల్లని కాపాడే వేటగాడు వచ్చింది 1812లో, జర్మనీలో గ్రిమ్ సోదరుల పుస్తకంతో. వాళ్లకి ఈ కథ చెప్పింది హాసెన్‌ప్ఫ్లూగ్ ఇంటి ఆడపిల్లలు. వాళ్ల తల్లి తరఫువాళ్లు ఫ్రాన్స్ నుంచి వలస వచ్చినవాళ్లు. అలా ఫ్రెంచి కథ జర్మన్ కథ అయింది. పిల్ల బతికింది, సంతోషమే. అమ్మ మాట కాదని దారి తప్పకూడదన్న బుద్ధీ తెచ్చుకుంది.

చాలా పుస్తకాల్లో వదిలేసే సంగతి ఇంకోటుంది. గ్రిమ్ కథకి రెండో భాగం ఉంది. మరోసారి ఇంకో తోడేలు వస్తుంది. ఈసారి అమ్మమ్మా మనవరాలూ తలుపు తీయరు. అది కప్పెక్కి కాచుకుని కూచుంటుంది. అమ్మమ్మ సాసేజీలు ఉడికించిన నీళ్లు మనవరాలి చేత వాకిట్లో రాతితొట్టిలో పోయిస్తుంది. ఆ వాసనకి మెడ చాచిన తోడేలు జారి తొట్టిలో పడి చస్తుంది. ఏ మగాడి సాయమూ లేదు!

ఇక ఫ్రాన్సు పల్లెల్లో నోటిమాటగా చెప్పుకున్న కథ వేరు. 19వ శతాబ్దంలో సేకరించిన అలాంటి ఒక కథలో పిల్లకి ఎర్రటోపీ లేదు, వేటగాడూ లేడు. పక్కలో ఉన్నది అమ్మమ్మ కాదని తెలియగానే 'బయటికి వెళ్లాలి' అంటుంది. వాడు కాలికి దారం కట్టి పంపుతాడు. పిల్ల ఆ దారాన్ని పెరట్లో చెట్టుకి కట్టేసి ఒకటే పరుగు! వాడు వెంటపడి వచ్చేసరికి ఇంట్లో దూరి తలుపేసుకుంటుంది. పెరో కన్నా ముందు నుంచీ ఇలాగే చెప్పుకునేవారని చాలామంది పండితుల నమ్మకం. అదే నిజమైతే, పుస్తకమెక్కేటప్పుడు పిల్లకి టోపీ వచ్చింది, తెలివి పోయింది.

చైనా, కొరియా, జపాన్‌లలోనూ ఈ కథకి చుట్టాలున్నాయి. అక్కడ అమ్మమ్మ వేషం వేసేది ఎక్కువగా పులి. ఎడ్ యంగ్ 1989లో బొమ్మలతో తెచ్చిన చైనా కథ 'లోన్ పో పో'లో మాత్రం తోడేలే. ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దపిల్ల దాన్ని పసిగట్టి, తింటే ఆయుష్షు పెరిగే కాయలున్నాయని ఆశపెట్టి, చెల్లెళ్లతో కలిసి చెట్టెక్కుతుంది. తోడేలుని బుట్టలో పైకి లాగి లాగి కిందకి వదిలేస్తారు. ఈ పుస్తకానికి 1990లో అమెరికాలో కాల్డికాట్ పతకం వచ్చింది.

ఇన్ని కథలుండగా మనం పిల్లలకి చెప్పేది ఏది? 'దారి తప్పకు, ఎవరితోనూ మాట్లాడకు' అని రోజూ అంటూనే ఉంటాం. అనాల్సిందే. కానీ కథలో తోడేలు కొత్తవాడిలా రాలేదు, అమ్మమ్మ గొంతుతో వచ్చింది. తెలిసిన మనిషి దగ్గరే ఏదో తేడాగా అనిపిస్తే పిల్ల ఏం చేయాలి? తప్పంతా తనదేనని నేర్చుకున్న పిల్ల, జరిగింది అమ్మతో చెప్పడానికి కూడా భయపడుతుంది. అనుమానం వస్తే ఏదో వంక పెట్టి బయటపడాలనీ, పరుగెత్తుకు వస్తే అమ్మ తిట్టదనీ తెలిసిన పిల్లకి ఆ భయం ఉండదు.

ఈసారి మీ పాప ఈ కథ అడిగితే, వేటగాడిని కాసేపు పక్కన పెట్టండి. దారం కాలికి కట్టి ఉంది, పెరట్లో చెట్టు ఉంది, ఇప్పుడు నువ్వయితే ఏం చేస్తావని అడిగి చూడండి. మన పిల్లల బుర్రలో ఎన్ని ఉపాయాలున్నాయో మనకీ తెలియాలి కదా!