మలుపు దగ్గర పోయే సమయం

నాగ్‌పాడాలో పెరిగే పిల్లలకు బాస్కెట్‌బాల్‌ను ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. 1927లో మొదలైన నైబర్‌హుడ్ హౌస్, మస్తాన్ వైఎంసీఏ కోర్టు, బచ్చూఖాన్ పేరు మీదున్న మునిసిపల్ మైదానం అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. భారత జట్టుకు నాయకత్వం వహించి 1970లో అర్జున అవార్డు అందుకున్న అబ్బాస్ మున్తసిర్ ఇక్కడ ఆడిన వారే. పక్కనే కామాఠీపురా. నిజాం ఏలుబడిలోని పల్లెల నుంచి వచ్చి ఈ నగరాన్ని రాయి మీద రాయి పెట్టి కట్టిన మనవాళ్ల వల్లే ఆ పేటకు ఆ పేరు. వాళ్ల వంశంలోని పిల్లలు నేటికీ తెలుగు మాధ్యమ బడులకు వెళ్తూ ఆ కోర్టుల పక్కగానే నడుస్తారు. కోర్టు లోపలికి వెళ్లే దారి మాత్రం చాలామందికి ఒక్కటే, బడిలో ఏడాదికోసారి జరిగే జట్టు ఎంపిక. ఆ రోజు తప్పితే మళ్లీ ఏడాదిదాకా అవకాశం ఉండదు.

అలాంటి ఒక ఎంపికలో మేమే పొరపాటు చేశాం. ఒక బడిలో సాయం చేయడానికి వెళ్లి, పీటీ సార్లందరికీ తెలిసిన షటిల్ పరుగు పెట్టాం. పది మీటర్ల దూరంలో రెండు గీతలు, రెండు చెక్కముక్కలు, నాలుగుసార్లు అటూ ఇటూ పరుగు. స్టాప్‌వాచ్ మా చేతిలోనే ఉంది. ముందు వచ్చిన పదిమందినీ తీసుకున్నాం. ఏడో తరగతి అమ్మాయి ఒకరు సెకనులో పదోవంతు తేడాతో పదకొండో స్థానంలో ఆగిపోయింది. వారం తిరగకుండానే ఆ అమ్మాయి చాలు ముందరి ఇరుకు సందులో పట్టుకునే ఆట ఆడుతూ కనిపించింది. తరిమేవాళ్లు మారుతున్నారు గానీ ఈమె ఎవరికీ చిక్కడం లేదు. మేం ఎంపిక చేసిన పదిమందిలో ఇద్దరు ఆ తరిమేవాళ్లలో ఉన్నారు!

మరి మా స్టాప్‌వాచ్ కొలిచిందేమిటి?

షటిల్ పరుగులో నలభై మీటర్లకు మలుపులు మూడే. మిగిలినదంతా నేరుగా పరుగెత్తడం, వంగడం, చెక్కముక్క అందుకోవడం. శంకువుల మధ్య మెలికలు తిరిగే ఇలినాయ్ పరుగు ఇంకా పొడవైనది, అందులో ఆయాసం కూడా లెక్కలోకి వస్తుంది. ముందుకీ పక్కలకీ వెనక్కీ కదిలే టీ పరీక్ష బాస్కెట్‌బాల్‌కు దగ్గరగా ఉంటుంది, అయినా చివరికి చేతికొచ్చేది ఒకే మొత్తం సమయం. నేరుగా వేగంగా పరుగెత్తే పిల్లవాడు మలుపులో తడబడినా ఆ మొత్తంలో తడబాటు కనిపించదు. చక్కగా మలుపు తిరిగే పిల్ల పరుగులో కాస్త వెనకబడితే ఆమె నేర్పు కూడా అంతే, కనిపించకుండా పోతుంది.

ఆస్ట్రేలియాలో 1980లలో వచ్చిన '505' పరీక్ష ఈ చిక్కును కొంత విప్పింది. మలుపు గీతకు పదిహేను మీటర్ల దూరం నుంచి పరుగు మొదలవుతుంది. మొదటి పది మీటర్లు లెక్కలోకి రావు. గీతకు ఐదు మీటర్లు ఉందనగా గడియారం మొదలై, గీత మీద కాలు ఆనించి తిరిగి అదే చోటికి వచ్చేసరికి ఆగుతుంది. అంటే ఐదు మీటర్లు, ఒక మలుపు, మళ్లీ ఐదు మీటర్లు. మన బడి ఆవరణల్లో పదిహేను మీటర్లు దొరకడం కష్టం. అందుకే ఐదు మీటర్ల గీత దగ్గర నిలబడి అక్కడి నుంచే బయలుదేరే పద్ధతి కూడా వాడుకలో ఉంది. గీత దాటాక గోడ తగలకుండా కాస్త ఖాళీ ఉంటే చాలు. రెండు పద్ధతుల అంకెలను మాత్రం కలిపి పోల్చకూడదు.

ఇక్కడే ఒక తీసివేత లెక్క ఉంది. సోఫియా నింఫియస్, ఆమె సహచరులు 2016లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని వివరించారు. అదే పిల్లను మలుపు లేకుండా పది మీటర్లు నేరుగా పరుగెత్తించి, ఆ సమయాన్ని 505 సమయం నుంచి తీసేయాలి. మిగిలింది మలుపు కోసం ఖర్చయిన సమయం. దాన్ని 'మలుపు లోటు' అనుకుందాం.

ఉదాహరణకు ఒక పిల్లవాడు పది మీటర్లు 1.90 సెకన్లలో, 505ను 2.60లో ముగించాడనుకోండి. లోటు 0.70. ఇంకో అమ్మాయి 2.10, 2.70. లోటు 0.60. పాత పద్ధతిలో పిల్లవాడే ముందు. మలుపు దగ్గర తక్కువ పోగొట్టుకున్నది మాత్రం ఆ అమ్మాయి. ఆమెకు నేర్పాల్సింది పరుగు, అతనికి నేర్పాల్సింది ఆగడం. జట్టు కట్టే సార్‌కు ఇది పనికొచ్చే కబురు కాదా?

అయితే ఈ లోటును దేవుడి తీర్పులా పట్టుకోకూడదు. వేగంగా వచ్చేవాడు, బరువైనవాడు ఆపుకోవాల్సిన ఊపు ఎక్కువ, కాబట్టి అతని లోటు సహజంగానే కాస్త పెరుగుతుంది. పరుగు మెరుగుపడి 505 సమయం అలాగే ఉన్నా లోటు పెద్దదవుతుంది. అందుకే మూడు అంకెలూ పక్కపక్కనే రాసుకోవాలి.

మా పొరపాటులో రెండో సగం స్టాప్‌వాచ్‌ది. బొటనవేలు నొక్కే ఆలస్యమే ఒక్కోసారి పిల్లల మధ్య ఉన్న తేడా కంటే పెద్దది. పదోవంతు సెకనుతో ఒక అమ్మాయిని బయట పెట్టామంటే నిజానికి మా వేలితోనే పెట్టాం. ఇందుకు ఖరీదైన ఎలక్ట్రానిక్ గేట్లు కొనక్కర్లేదు. స్లో మోషన్ ఉన్న ఫోన్ సెకనుకు 240 ఫ్రేములు తీస్తే ఒక్కో ఫ్రేము సెకనులో 240వ వంతు. ఫోన్‌ను ఐదు మీటర్ల గీతకు సూటిగా పక్కన కదలకుండా నిలబెట్టి, నడుము గీత దాటిన ఫ్రేములు లెక్కపెడితే సరిపోతుంది. ఈ భాగహారాలు తొమ్మిదో తరగతి పిల్లలకే అప్పగించవచ్చు.

కుడికాలు ఆనించి మూడుసార్లు, ఎడమకాలు ఆనించి మూడుసార్లు, మధ్యలో రెండు మూడు నిమిషాల విశ్రాంతి ఇవ్వాలి. రెండు కాళ్ల అంకెలనూ విడివిడిగా ఉంచాలి. సగటు తీస్తే బలహీనమైన కాలు దాక్కుంటుంది. వానాకాలం తడి బండల మీద ఈ పరీక్ష వద్దు. జారితే మోకాలికి ప్రమాదం. కొలవడానికి ముందే ఆగడం నేర్పాలి. ఊపు తగ్గించడం ఆఖరి అడుగులో కాదు, దానికి ముందు అడుగులోనే మొదలుకావాలి, నడుము కిందికి దించాలి.

ఇన్ని చేసినా శంకువు కదలదు, గీత ఎటూ దొంగదెబ్బ తీయదు. ఎదుటివాడి కదలిక చూసి దిశ మార్చడం వేరే విద్య. 2006లో షెపర్డ్, యంగ్ అనే పరిశోధకులు చురుకుదనాన్ని నిర్వచిస్తూ, ఏదో ఒక సూచనకు స్పందించి కదలడమే అసలు చురుకుదనమన్నారు. కబడ్డీ కూతగాడికీ, ఖోఖోలో తప్పించుకునేవాడికీ కావాల్సింది అదే. కాబట్టి చివర్లో సార్ గీత వెనక నిలబడి ఆఖరి క్షణంలో ఎడమకో కుడికో చెయ్యి చూపే పరుగు ఒకటి చేర్చాం. అంకె సరిగ్గా రాదు గానీ ఎవరు చూస్తున్నారో, ఎవరు ఊహిస్తున్నారో తెలిసిపోతుంది.

ఆ బడికి మళ్లీ వెళ్లాం. ఈసారి సుద్దముక్క, టేపు, ఒక ఫోన్ తీసుకెళ్లాం. ఆ అమ్మాయి నేరు పరుగు మామూలే. కుడికాలి మీద లోటు మాత్రం మేం ముందు తీసుకున్న పదిమందిలో ఎక్కువమంది కంటే తక్కువ. ఎడమకాలి మీద ఇంకా తడబడుతోంది. తర్వాతి ఎంపిక దీపావళి సెలవులయ్యాక. సాయంత్రం సందులో ఆడేటప్పుడు ఎడమకాలు ఆనించి తిరగమని చెప్పి వచ్చాం. అలా తిరిగితే దొరికిపోతానేమోనని అడిగింది.