సున్నాకు కాపలా

1963లో శ్రీలంక మొత్తం మీద నమోదైన మలేరియా కేసులు 17. అందులో అక్కడికక్కడే అంటుకున్నవి ఇంకా తక్కువ. రోగం పోయినట్టేననుకున్నారు. ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టడం ఆపేశారు. డబ్బూ దృష్టీ వేరే పనుల మీదికి మళ్లాయి. ఆరేళ్లు తిరిగేసరికి, 1969లో, అయిదు లక్షల మందికి పైగా చలిజ్వరంతో మంచం పట్టారు.

ఆ దీవికి మలేరియా ఏమిటో తెలియక జరిగిన పొరపాటు కాదది. 1934లో వానలు మొహం చాటేశాయి. ఎప్పుడూ ఉరకలెత్తే నైరుతి ప్రాంతపు ఏర్లు మడుగులుగా మిగిలాయి. అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ అనే దోమకు గుడ్లు పెట్టడానికి అంతకన్నా ఏం కావాలి? ఆ జ్వరం పెద్దగా ఎరగని ఊళ్లు కావడంతో జనానికి తట్టుకునే శక్తి లేదు. పైగా పంటలు పోయి తిండికి కరువు. నెలల వ్యవధిలో సుమారు 80 వేల మంది చనిపోయారు. ఇంత చూసిన దేశం కూడా 17 అనే అంకె చూసి కాపలా దించేసింది.

రెండోసారి పోరు చాలా కష్టమైంది. దోమలు డీడీటీకి లొంగడం మానేస్తే 1970ల్లో మలాథియాన్ అనే మరో దోమల మందుకు మారారు. తర్వాత ఫాల్సిపారం రకం మలేరియా క్రిమి క్లోరోక్విన్ మాత్రకూ లొంగకుండా పోయింది. 1983 నుంచి 2009 దాకా అంతర్యుద్ధం. మలేరియా ఎక్కువున్న ఉత్తర, తూర్పు జిల్లాలే రణరంగాలు. 1999లో కూడా రెండున్నర లక్షలకు పైగా కేసులున్నాయి. అయినా తుపాకుల నడుమే దోమతెరలూ మందులూ వెళ్లాయి, సిబ్బంది రక్తపూతలు తీశారు. ఆ పేరు తెలియని మనుషులదే ఈ కథలో పెద్ద పాత్రని నా నమ్మకం.

అసలు మలుపు ఎక్కడుందంటే, దోమ వెంట పడుతూనే మనిషి ఒంట్లోని క్రిమి కోసం కూడా వేట మొదలుపెట్టడంలో. జ్వరం వచ్చి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగలేదు. సంచార వైద్య వాహనాలు రత్నాల గనుల దగ్గరికి, పోడు పొలాలకు, సైనిక శిబిరాలకు వెళ్లాయి. జ్వరం లేనివాళ్ల రక్తమూ పరీక్షించాయి. రత్నాల కోసం తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. ఎక్కడెక్కడి కూలీలో వచ్చి అక్కడే పడుకుంటారు. క్రిమి దాగేది అలాంటి చోటే. స్థానికంగా సోకిన చివరి కేసు 2012 అక్టోబరులో నమోదైంది. 2016 సెప్టెంబరు 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశంగా ప్రకటించింది.

ఈసారి మాత్రం కాపలా దించలేదు. బయటినుంచి వచ్చే ఒక్కొక్క కేసు వెనకా సిబ్బంది పరుగెడుతున్నారు. 2018 చివర్లో మొనరాగల జిల్లాలో పనికి వెళ్లిన ఒక భారతీయుడి ఒంట్లో క్రిమి బయటపడింది. అతని నుంచి దోమ ద్వారా స్థానికుడొకరికి సోకింది. వెంటనే పట్టుకున్నారు కాబట్టి అక్కడితో ఆగింది. ఇంకో చిక్కు ఉంది: మలేరియా రోగిని చూడకుండానే డాక్టర్లయిన తరం వచ్చింది. జ్వరం అనగానే వాళ్లకు ముందు తోచేది డెంగీ.

మన కథా వేరు కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అలాంటి మన దేశంలో 1961 నాటికి కేసులు సుమారు 50 వేలకు దిగాయి. 1976లో అవే 64 లక్షలు దాటాయి. శ్రీలంక చేసిన తప్పునే మనం ఇంకా పెద్దగా చేశాం. ఇప్పుడు 2027కల్లా స్థానిక కేసులు సున్నాకు రావాలని, 2030కల్లా మలేరియా నిర్మూలన పూర్తవాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో దోమల మందు కొట్టే కూలీకి, రక్తపూత తీసే ఆశా కార్యకర్తకు కేసులు తగ్గాయన్న కారణంతో పని తగ్గించకూడదు. కేసులు తగ్గిన ఏడాదే వాళ్ల అవసరం ఎక్కువ. నిధులు కోసే అధికారులు 1963 తర్వాతి శ్రీలంకను ఒక్కసారి చదవాలి.

మన వంతు కూడా ఉంది. చలితో జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించుకోండి. ఈ మధ్య ఏ ఊరు, ఏ దేశం వెళ్లొచ్చారో డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. వైవాక్స్ రకం క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. అందుకే డాక్టరు ప్రైమాక్విన్ 14 రోజులు రాస్తే, మూడో రోజుకే జ్వరం తగ్గినా పద్నాలుగో రోజు మాత్ర కూడా వేసుకోండి.