బర్వా గదిలో కోనసముద్రం ఉక్కు

దోహా ఇండస్ట్రియల్ ఏరియా పక్కన బర్వా అల్ బరాహా. 50 వేల మందికి పైగా కార్మికులు ఉండేలా కట్టిన నివాసాలు, వాటిని ఆనుకుని లారీలు ఆగే పెద్ద యార్డు. ఇలాంటి చోట మనిషిని పేరు కంటే ముందు పనితో గుర్తుపడతారు: మేసన్, హెల్పర్, స్కాఫోల్డర్, స్టీల్ ఫిక్సర్. డ్యూటీ దిగి, మెస్సులో తిని, మంచమెక్కేసరికి మిగిలేది గంటో గంటన్నరో. దాన్ని ఇంటికి చేసే వీడియో కాలూ, రీల్సూ పంచుకుంటాయి. అందులో పావుగంట చరిత్రకు ఇవ్వమంటే, ‘నీకేం పనిలేదా తమ్మీ’ అని పక్క మంచం మీది అన్న నవ్వడంలో తప్పేమీ లేదు. కానీ ఆ ఫోనులో పైసా ఖర్చు లేకుండా దొరికే చరిత్రలో కొంత, అచ్చంగా ఆ మంచం మీద పడుకున్న మనిషి గురించే ఉంది.

స్టీల్ ఫిక్సర్‌నే తీసుకుందాం. రోజంతా కడ్డీలు వంచి బైండింగ్ వైరుతో బిగించే పని. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వచ్చిన వాళ్లకు ఇది కొత్త కాదు. ఆ నిజామాబాద్ జిల్లాలోనే కోనసముద్రం ఉంది. 19వ శతాబ్దం తొలినాళ్లలో, దేశాన్ని కొలుస్తున్న లాంబ్టన్ సర్వే బృందంలో డాక్టరుగా, భూగర్భ పరిశోధకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ ఆ ఊరు వెళ్లాడు. కమ్మరులు రెండు రకాల ఇనుము కలిపి, మట్టి మూసల్లో కరిగించి ఉక్కు తీయడం చూసి రాసుకున్నాడు. ఆయన పోయాక 1832లో ఆ వ్యాసం కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అందులో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు కనిపిస్తాడు. పర్షియాలో ఈ ఉక్కు చేయబోతే కుదరలేదట. అందుకే సరుకు కోసం వాళ్లే ఇంత దూరం వచ్చేవారు. ఆ ముద్దలు అక్కడికి చేరి కత్తులయ్యేవి.

ఆ పత్రిక పాత సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్ ఇదే ఉక్కు మీద రాసిన పుస్తకమూ నెట్‌లో చదువుకోవచ్చు. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు నియాస్ సంస్థ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి పాత కొలిమి చిట్టెం కుప్పలను నమోదు చేశారు. ‘ఒకప్పుడు ప్రపంచానికి మనమే ఉక్కు పంపాం’ అని వాట్సాప్‌లో తిప్పడానికి ఇది భలే ముడిసరుకు. నాకు అంతకంటే ఆసక్తిగా తోచేది కొలిమి ఆరిపోయిన సంగతి. విలాయతి కార్ఖానాల ఉక్కు చవగ్గా వచ్చిపడటంతో మూసల ఉక్కుకు గిరాకీ పోయింది. కమ్మరి బిడ్డకు చేతిలో పనితనం ఉన్నా ఊళ్లో పని లేకుండా పోవడం విమానాలు రాకముందే మొదలైంది.

రెండో కథ సముద్రం ఇవతలిది. ఖతార్ ఫౌండేషన్, ఖతార్ నేషనల్ లైబ్రరీ, బ్రిటిష్ లైబ్రరీ కలిసి 2014లో ఖతార్ డిజిటల్ లైబ్రరీని తెరిచాయి. లక్షల పేజీలు, రుసుము లేదు. వాటిలో చాలా భాగం ఇండియా ఆఫీసు దస్త్రాలే, ఎందుకంటే గల్ఫ్‌లో బ్రిటిష్ వ్యవహారాలు నడిచింది చాలాకాలం బొంబాయి, కలకత్తా, ఢిల్లీల మీదుగా. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించేదాకా ఖతార్ బజారులో చెల్లింది అదే. ఇవాళ రియాల్ రేటు చూసి ఇంటికి డబ్బు పంపే కుర్రాడికి ఈ ముక్క చెబితే ఒక పట్టాన నమ్మడు.

ఆ లైబ్రరీలో తప్పక తెరవాల్సింది జె.జి. లోరిమర్ గల్ఫ్ గెజెటీర్. ఇండియన్ సివిల్ సర్వీస్ అధికారి రాసింది. 1908లో ఒక భాగం, 1915లో ఇంకోటి కలకత్తాలో అచ్చయ్యాయి, అదీ ప్రభుత్వం వాడకానికే. అందులో ఖతార్ జనం సుమారు 27 వేలు. వాళ్లలో సగానికి దగ్గరగా ముత్యాల పడవల మీదే ఉన్నారు. మునిగేవాడొకడు, పైనుంచి తాడు లాగేవాడొకడు, అంటే మన హెల్పరన్నమాట. పెద్ద సీజను నడి వేసవిలోనే. ఈ రోజుల్లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఖతార్‌లో నిబంధన ఉంది. అప్పట్లో సముద్రంలో దిగింది సరిగ్గా ఆ నెలల్లోనే.

అప్పు సంగతి చూస్తే ఇంకా దగ్గరి చుట్టరికం. సీజనుకు ముందు నాఖుదా, అంటే పడవ పెద్ద, బయానా ఇస్తాడు. ఇంట్లో గింజలు దాంతోనే. సీజను చివర లెక్క చూస్తే బాకీ తీరదు, పైయేటికి జారుతుంది. బాకీ తేలకుండా ఇంకో నాఖుదా పడవ ఎక్కే వీల్లేదు. వీసా కోసం ఏజెంటుకు కట్టిన వడ్డీ డబ్బు తీర్చడానికే మొదటి రెండేళ్లు పోయినవాడికి, 2020 దాకా కంపెనీ మారాలంటే ఎన్ఓసీ కోసం ఎదురుచూసినవాడికి ఈ పేజీలు విడమరిచి చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే: అప్పుల్లో మునిగింది ఆనాటి ఖతారీలే. 1930ల్లో జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచ మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని ముంచాయి. 1939లో దుఖాన్‌లో చమురు పడింది. ఆ తొలి చమురు కూలీల కథను దోహా ముషైరిబ్ మ్యూజియాల్లోని కంపెనీ హౌస్ చెబుతుంది. పక్కనే ఉన్న బిన్ జల్మూద్ హౌస్‌లో బానిసత్వపు చరిత్ర. ఖతార్‌లో అది రద్దయింది 1952లో. తమ దేశపు చేదును తామే గోడకెక్కించుకున్న ఆ ఇంటిని సెలవు రోజున చూడాల్సిందే.

ఉచితం అంటున్నాను గానీ, అందరికీ సమానంగా ఉచితం కాదు. ఖతార్ డిజిటల్ లైబ్రరీ ఇంగ్లిషులో, అరబ్బీలో నడుస్తుంది. తెలుగు లేదు. ఫోనులోని అనువాదం లోరిమర్ వాక్యాన్ని చాలాసార్లు కంగాళీ చేస్తుంది. ఎడ్యుకేషన్ సిటీలోని నేషనల్ లైబ్రరీలో ఖతార్ నివాసులకు సభ్యత్వం ఉచితం; బతాకా, అంటే ఖతార్ గుర్తింపు కార్డు, ఉంటే చాలు. కానీ పన్నెండు గంటలు కడ్డీలు మోసిన ఒంటికి ఇంగ్లిషు పేజీ బరువే. మన స్వయం పోర్టల్లో సంస్కృతి, చరిత్ర కోర్సులు ఉచితమే, పరీక్షకు మాత్రం ఫీజు. అవీ ఎక్కువగా డిగ్రీ పిల్లల్ని ఉద్దేశించినవే. కావలసింది మరో వెయ్యి కోర్సులు కాదని నా అనుమానం. గెజెటీర్లోని పది పేజీలను, వాయ్‌సీ వ్యాసాన్ని తెలుగులో చదివి వినిపించే ఒక్క గొంతు ఉన్నా మెస్సు క్యూలో చెవిలో పెట్టుకుని వినేవాళ్లుంటారు. దోహాలో తెలుగు సంఘాలున్నాయి. ఉగాదికీ బతుకమ్మకూ పడే శ్రమలో పదో వంతు దీనికి చాలు.

రాయడం కూడా ఉచితమే, ఆ సంగతి ఎవరూ చెప్పరు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మన పల్లెలకు దాదాపు అన్నిటికీ పేజీలున్నాయి. ఊరి పేరు కొట్టండి: 2011 జనాభా లెక్కలు, బడులు, బస్సు సౌకర్యం, సాగునీటి వసతి, పండే ప్రధాన పంటలు. నోటితో చెబితే ఫోను టైపు చేసే ఈ కాలంలో అక్కడ ఒక పేరా చేర్చడానికి పదో తరగతి కూడా అక్కర్లేదు, అచ్చయిన ఆధారం ఒకటి చూపగలిగితే సరిపోతుంది. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన పల్లెల పేజీలు వరసగా తెరిచి చూడండి. చెరువు కింద ఎన్ని హెక్టార్లో ఉంటుంది, బోర్ల కింద ఎన్నో ఉంటుంది. ఆ ఊరివాళ్లు దుబాయి, మస్కట్, దోహాలకు ఎప్పటి నుంచి పోతున్నారో చాలా పేజీల్లో ఒక్క ముక్కా ఉండదు.