ఒకే గడియారము

హైదరాబాదునందలి హైటెక్ సిటీ పరిసర స్టూడియోలలో ఒక్క గోష్ఠినే పలు కెమెరాలు చిత్రించును. మాటలను వేరొక యంత్రము గ్రహించును. పిదప ఇవి పొందికగా కలియకున్న పెదవి ముందు కదలి మాట వెనుక వినబడును; వక్త సత్యమే పలికినను చూపరులకు నమ్మిక సడలును.

మన దేశమున టెలివిజన్ చిత్రము సెకనుకు 25 ఫ్రేములుగా సాగును. ప్రతి ఫ్రేమునకును గంట, నిమిషము, సెకను, ఫ్రేము సంఖ్యలతో టైంకోడ్ అను కాలముద్ర యుండును. అయినను ఏ రెండు గడియారములును ఎల్లకాలము ఏకీభవింపవు. సెకనుకు లక్షవ వంతు తప్పినది గంటకు 36 మిల్లీసెకన్లు, అనగా దాదాపు ఒక ఫ్రేము, తొలగును. దినమంతయు సాగు చిత్రణమున ఈ తేడా పెరిగి కంటబడును. కావున ఒక ప్రధాన గడియారమును నెలకొల్పి, తక్కిన యంత్రములన్నియు దానినే అనుసరించునట్లు చేయుదురు.

ఇంత యేర్పాటున్నను ఆరంభమున క్లాప్ పలకను మ్రోగించుట అనుభవజ్ఞులు మానరు. సంకేతము తెగిపోయిననాడు, పలక మూసుకొను దృశ్యమును ఆ చప్పుడుతో జతపరచి పొందిక కుదుర్తురు.