నామోషీ ఎక్కడి మాట?

అల్లుడు అత్తవారింట ఉండిపోతే నామోషీ. చదువుకున్న కుర్రాడు తోపుడుబండి పెడితే నామోషీ. అప్పు అడగడం నామోషీ, అడిగాక లేదనిపించుకోవడం అంతకన్నా నామోషీ. తలెత్తుకోలేనంత సిగ్గును చెప్పడానికి మనం రోజూ వాడే ఈ మాట పుట్టుక తెలిస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది.

‘నామర్దా’లో ఉన్నట్టే ఇందులోనూ ‘నా’ అంటే ‘లేదు’ అని అర్థం కాబోలునని అనిపిస్తుంది. నామర్దా ఫారసీ మాట. మగతనం లేకపోవడం దాని మూలార్థం. నామోషీ సంగతి వేరు. దీని మూలం అరబీలోని ‘నామూస్’. దాని వెనుక గ్రీకు ‘నోమోస్’ ఉంది. నోమోస్ అంటే చట్టం, ధర్మశాస్త్రం. సురియానీ భాష మాట్లాడే క్రైస్తవులు తౌరాతు ధర్మశాస్త్రాన్ని ఈ మాటతోనే పిలిచేవారు.

ఇస్లాం చరిత్రలో ఈ మాట వినిపించేది ఎంతో గంభీరమైన ఘట్టంలో. క్రీ.శ. 610 ప్రాంతంలో హిరా గుహలో తొలి దైవవాణి అవతరించినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) వణుకుతూ ఇంటికి వచ్చారు. హజ్రత్ ఖదీజా (ర) ఆయనను తన తండ్రి సోదరుని కుమారుడైన వరఖా బిన్ నౌఫల్ వద్దకు తీసుకెళ్లారు. వరఖా క్రైస్తవం స్వీకరించిన వృద్ధుడు, చూపు పోయినవాడు. విషయమంతా విని, మూసా (అ) వద్దకు వచ్చిన నామూసే ఇదని ఆయన చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఇక్కడ నామూస్ అంటే దైవదూత జిబ్రయీల్ (అ) అని విద్వాంసులు వివరించారు. ఇతరులకు చెప్పని రహస్యాన్ని నమ్మి చెప్పుకోదగినవాడని ఇమామ్ బుఖారీ ఆ మాటకు అర్థమిచ్చారు. (ఈజిప్టులో నామూస్ అంటే దోమలు! ఆ గొడవ ఇప్పుడు మనకొద్దు.)

మరి ఇంతటి మాట సిగ్గుగా ఎలా మారింది? ఫారసీ, తుర్కీ, ఉర్దూల్లో నామూస్ అంటే పరువు ప్రతిష్ఠలయ్యాయి. అందులోనూ ముఖ్యంగా ఇంటి ఆడవాళ్ల పరువు. టర్కీలో నామూస్ పేరు చెప్పి కూతుళ్లను, అక్కచెల్లెళ్లను చంపిన ఉదంతాలు ఎన్నో ఉన్నాయి. చట్టం అన్న అర్థంతో పుట్టిన మాట, చట్టాన్ని చేతిలోకి తీసుకునేవారికి సాకు కావడం కన్నా విడ్డూరం ఏముంటుంది? ఇక మన వైపు వచ్చేసరికి మరో మలుపు. పరువు కాస్తా పరువు పోవడమైంది. మరాఠీలో ‘నాముష్కీ’, మనకు ‘నామోషీ’.

నామోషీనీ హయానూ ఒకటిగా చూడడం మాత్రం సరికాదు. హయాను విశ్వాసంలో ఒక శాఖగా హదీసు పేర్కొంది. జీవితాన్ని చెప్పే ‘హయాత్’దీ దీనిదీ అరబీలో ఒకే ధాతువు. ఎవరూ చూడని చోట కూడా చెడ్డపనికి జంకడం హయా. నామోషీకి మాత్రం నలుగురూ చూడాలి. అందుకే అది చెడ్డపనుల కన్నా కష్టపడి చేసుకునే పనులకే ఎక్కువగా అడ్డొస్తుంటుంది.

మొదట చెప్పుకున్న ఇల్లరికం సంగతే తీసుకుందాం. నామూస్ ఎవరి వద్దకు వచ్చిందని వరఖా అన్నారో ఆ మూసా (అ), పరాయిచోటైన మద్‌యన్‌లో మామగారి దగ్గర ఎనిమిదేళ్లు, ఇష్టమైతే పదేళ్లు పనిచేసే ఒప్పందంపైనే పెళ్లి చేసుకున్నారని దివ్య ఖుర్ఆన్ (28:27) చెబుతోంది. ఆ గడువు తీరి కుటుంబంతో బయలుదేరిన దారిలో, తూర్ కొండ వైపు మంట కనిపించి అటు వెళ్లినప్పుడే ఆయనకు దైవవాణి వినిపించింది.