ఆంప్లిఫయరులో రొద: కవచపు తీగ, ఎర్తు తీగ

నంద్యాలకు సమీపమున ఉన్న మహానందిలో శివరాత్రినాడును, ఆళ్లగడ్డ ప్రాంతపు అహోబిలములో ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవములందును జనసమూహమునకు మాట వినిపించునది మైకు సెట్టే. ఒక్కొక్కప్పుడు గాయకుడు నోరు విప్పకముందే లౌడుస్పీకరు నుండి గుంయిమని ఒక మ్రోత బయలుదేరును. వాల్వులతో గిటారు ఆంప్లిఫయరు కట్టదలచిన వానికి మొదట ఎదురగు శత్రువు ఈ రొదయే. భాగములు అన్నియు మంచివే అయినను, తీగలు నడిపిన తీరు చెడ్డదైనచో రొద పోదు. ఆ తీరే చెడ్డదైనచో ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు.

ట్రాన్సిస్టరు వచ్చి వాల్వును అనేక స్థలములనుండి తొలగించినను, గిటారు వాద్యకారులు దానిని నేటికిని విడువలేదు. సంకేతము హద్దు మీరినపుడు వాల్వు దాని శిఖరములను ఒక్కసారిగా నరకక మెల్లగా అణచును. ఆ ధ్వని వారికి ఇంపు.

సంకేతము ఎంత చిన్నది?

ఎలెక్ట్రిక్ గిటారులో ఉక్కు తంత్రుల క్రింద అయస్కాంతమును, దాని చుట్టు వేలకొలది చుట్లు గల సన్నని రాగి తీగయు ఉండును. తంత్రి కంపించినపుడు తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. ఇది 1831లో ఫారడే కనుగొన్న సూత్రము. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతమును పలికించిన ఎలెక్ట్రిక్ మాండలిన్‌కు కూడ ఇదియే ఆధారము.

ఇట్లు పుట్టు వోల్టేజి సాధారణముగా కొన్ని పదుల మిల్లీవోల్టులు. గట్టిగా మీటినపుడు కొన్ని వందలు. 12ఏఎక్స్7 అను వాల్వులోని ఒక్క అంచె దీనిని సుమారు 50 రెట్లు పెంచును. తరువాతి అంచెలు ఇంకను పెంచును. వాల్వుకు పాటకును రొదకును భేదము తెలియదు. మొదటి గ్రిడ్డువద్ద చేరిన ఒక్క మిల్లీవోల్టు రొద ఆ అంచె దాటునప్పటికి 50 మిల్లీవోల్టులగును. కావున రొదను పుట్టినచోటనే ఆపవలెను.

తాకకుండనే చొరబడు విద్యుత్తు

రెండు తీగలు ఒకదాని నొకటి తాకకున్నను, వాటి మధ్యనున్న గాలి పొరతో కలిసి అవి ఒక చిన్న కండెన్సరుగా పనిచేయును. దాని సామర్థ్యము ఒక్క పీకోఫారడు మాత్రమే అనుకొందము. ఒక తీగలో ఇంటికి వచ్చు 230 వోల్టుల, 50 సైకిళ్ల విద్యుత్తు ఉన్నచో రెండవ దానిలోనికి 0.072 మైక్రోఆంపియరు ప్రవహించును. ఇది లెక్కకు రానిదిగా తోచును. కాని గ్రిడ్డునకు, ఎర్తునకు మధ్యనున్న నిరోధము 10 లక్షల ఓములైనచో, ఓము సూత్రము ప్రకారము అచ్చట 72 మిల్లీవోల్టులు ఏర్పడును. అనగా గిటారు పాటకు సమానమైన రొద! నిరోధము 10 వేల ఓములే అయినచో అదే ప్రవాహము ఒక మిల్లీవోల్టునైన ఈయజాలదు. గిటారు తగిలింపనపుడు రొద హెచ్చుటకును, తగిలించినపుడు తగ్గుటకును కారణ మిదియే.

దీనికి విరుగుడు కవచపు తీగ. నడిమి తీగ చుట్టు జడవలె అల్లిన రాగి తొడుగు ఉండును. లోహపు గదిలోనికి బయటి విద్యుత్ క్షేత్రము చొరజాలదని ఫారడే 1836లో ప్రయోగపూర్వకముగా చూపెను. రాగి తొడుగు అట్టి గదియే. బయటినుండి వచ్చు చిరు ప్రవాహమును తాను గ్రహించి ఎర్తునకు పంపివేయును.

ఇది ముఖ్యముగా రెండు చోట్ల వాడవలెను: గిటారు సాకెట్టునుండి మొదటి గ్రిడ్డువరకు, శబ్దమును పెంచు మరనుండి రెండవ గ్రిడ్డువరకు. ఆంప్లిఫయరు లోపల తొడుగును ఒక చివరనే ఎర్తునకు అతుకవలెను. రెండు చివరలను అతికినచో ఎర్తు తీగతో కలిసి ఒక వలయ మేర్పడి, ఆ వలయములో ప్రవాహములు తిరుగును. తొడుగుపైన మరియొక ఇన్సులేషను పొర ఉండవలెను. లేనిచో అది 300 వోల్టుల ప్లేటు తీగను తాకవచ్చును. తీగల నన్నిటిని కవచపు తీగలుగా మార్చుట మంచిది కాదు. మీటరు కవచపు తీగకు సుమారు 100 పీకోఫారడుల సామర్థ్యముండును. అది అధికమైనచో తారస్థాయి స్వరములు మొద్దుబారును.

రాగి తొడుగు ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చు అయస్కాంత క్షేత్రమును ఆపలేదు. దానికి దూరమే మందు. సరఫరా ట్రాన్స్‌ఫార్మరును, లౌడుస్పీకరు ట్రాన్స్‌ఫార్మరును లంబదిశలలో అమర్చవలెను. వాల్వుల ఫిలమెంట్లకు 6.3 వోల్టుల విద్యుత్తును తీసికొనిపోవు జంట తీగలను పురిపెట్టి, లోహపు పెట్టె మూలను ఒరసికొనిపోవునట్లు నడపవలెను. పురిలో ప్రక్కప్రక్కనున్న మెలికల క్షేత్రములు ఒకదాని నొకటి రద్దుచేసికొనును.

ఎర్తు తీగ అంతటను సున్న కాదు

ఎర్తు అనగానే సున్న వోల్టులని అందరును తలతురు. ఇది సగము నిజము. సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరు కె.సి. కాలువ క్రింద నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల వరి రైతులకు ఒక సంగతి తెలియును. రెండు మళ్ల మురుగునీరు ఒకే ఇరుకు కాలువలో పడినచో, పెద్ద మడినుండి నీరు ఒక్కసారిగా వదలినపుడు కాలువ మట్టము పెరిగి చిన్నమడి నీరు నిలిచిపోవును. ఎర్తు తీగలోను ఇట్లే జరుగును.

ఒక చదరపు మిల్లీమీటరు మందము, 20 సెంటీమీటర్ల పొడవు గల రాగి తీగ నిరోధము సుమారు 0.0034 ఓము. సరఫరా విభాగములోని మొదటి కండెన్సరు సెకనుకు 100 సార్లు కుదుపులతో విద్యుత్తును పుచ్చుకొనును. ఒక్కొక్క కుదుపు అర ఆంపియరైనచో ఆ తీగ చివరల మధ్య 1.7 మిల్లీవోల్టులు ఏర్పడును. మొదటి వాల్వు ఎర్తు కూడ అదే తీగపై ఉన్నచో ఈ 1.7 మిల్లీవోల్టులు గిటారు సంకేతముతో కలిసి లోనికి పోవును.

కావున మొదటి కండెన్సరు రుణధ్రువమును ట్రాన్స్‌ఫార్మరు మధ్య తీగతో నేరుగ కలిపి, కుదుపులను అచ్చటనే ముగింపవలెను. తరువాత పెద్ద వాల్వుల ఎర్తులు, అటుపిమ్మట చిన్న వాల్వులవి, చివర గిటారు సాకెట్టు వరుసగా రావలెను. ఈ వరుసను లోహపు పెట్టెతో సాకెట్టువద్ద ఒక్కచోటనే కలుపవలెను.

దోషమును కనిపెట్టుటకు శబ్దపు మరను సున్నకు త్రిప్పి చూడవలెను. రొద ఆగినచో దోషము మరకు ముందున్నది; ఆగనిచో తరువాత ఉన్నది. 50 సైకిళ్ల మంద్రమైన మ్రోత ఫిలమెంటు తీగలనుగాని, బయటి క్షేత్రమునుగాని సూచించును. 100 సైకిళ్ల కరకు మ్రోత సరఫరా విభాగమును సూచించును.

ప్రాణము కాపాడు ఎర్తు

ఇంతవరకు చెప్పినది సంకేతపు ఎర్తు. మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్తు వేరు. అది లోహపు పెట్టెకు తన సొంత బోల్టుతో గట్టిగా బిగింపబడవలెను. గిటారు తంత్రులు పెట్టెతో కలుపబడి ఉండును. వాద్యకారుని చేయి ఎప్పుడును తంత్రులపైననే ఉండును. ఎర్తు లేక, లోపల సరఫరా తీగ ఊడి పెట్టెను తాకినచో తంత్రులకు 230 వోల్టులు వచ్చును. బ్రిటిషు గిటారు వాద్యకారుడు లెస్ హార్వే 1972 మే 3న స్వాన్‌సీలో వేదికపై మైక్రోఫోను పట్టుకొని విద్యుదాఘాతముతో మరణించెను. పరికరములకు సరియైన ఎర్తు లేకపోవుటయే కారణము. రొద తగ్గునని మూడవ పిన్నును తీసివేయుట మృత్యువును ఆహ్వానించుట.

గుంట త్రవ్వి నాటిన ఎర్తును కూడ గ్రుడ్డిగా నమ్మరాదు. నంద్యాల ప్రాంతపు నల్లరేగడి వేసవిలో తేమ కోల్పోయి నెఱ్ఱెలు విచ్చును. అహోబిలపు కొండనేల రాయి. ఎర్తు నిరోధము 20 ఓములైనచో 230 వోల్టులు 11.5 ఆంపియరులనే పంపగలవు. 15 ఆంపియరుల ఫ్యూజు కాలదు. కావున గుంటలో నీరు పోయుచుండుటతోబాటు 30 మిల్లీఆంపియరుల తేడాకే సరఫరాను త్రెంచు రక్షక స్విచ్చి అమర్చుట అవసరము.

ప్లగ్గు తీసిన పిమ్మట కూడ లోపలి కండెన్సర్లలో 300 వోల్టులు నిలిచియుండవచ్చును. 47 మైక్రోఫారడుల కండెన్సరునకు 220 వేల ఓముల నిరోధకమును శాశ్వతముగా తగిలించినచో సుమారు 52 సెకండ్లలో అది 2 వోల్టులకు దిగును. అయినను మీటరుతో చూడక చేయి పెట్టరాదు. అనుభవజ్ఞుడు దగ్గర లేనిదే విద్యార్థులు ఇట్టి పెట్టెను తెరువరాదు.

తరగతిలో ఈ సూత్రమును చూపుటకు వాల్వులు అక్కరలేదు. 9 వోల్టుల బ్యాటరీతో నడచు చిన్న ఆంప్లిఫయరునకు ఒక మూర సాధారణ తీగ తగిలించి, ఇన్సులేషను చెడని టేబులు దీపపు తీగ దగ్గరకు తీసికొనిపోవలెను. రొద పుట్టును. అదే పొడవు కవచపు తీగను, తొడుగును ఆంప్లిఫయరు ఎర్తునకు కలిపి, అదే స్థలమున ఉంచవలెను. రెండింటికి గల భేదమును విద్యార్థులు చెవులతోనే గ్రహింతురు.